బాలమ్మ విన్న చప్పుడు

రామలు పదమూడో ఏట చక్కెర మిల్లులో చేరాడు. అప్పట్లో అతని పని నూనె డబ్బా పట్టుకుని ఫిట్టరు వెనకాల తిరగడమే. పాతికేళ్లు గడిచేసరికి ఆ ఫిట్టరు స్థానంలో తానే నిలబడ్డాడు. దీవికి తూర్పున సాంత్ర్ ద ఫ్లాక్ పట్నం నుంచి మైలున్నర దూరంలో, నాలుగు పక్కలా చెరుకు తోటల మధ్య ఉండేదా మిల్లు. అందులోని ఆవిరి యంత్రాలన్నీ అతని చేతి కిందే నడిచేవి. జూన్‌లో చెరుకు కోతలు మొదలైతే డిసెంబరు దాకా యంత్రాలకు విశ్రాంతి ఉండేది కాదు. ఆ గదిలో పక్కవాడితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. అందుకే అక్కడ ఎవరికి ఎంత వినపడుతోందో ఎవరూ పట్టించుకునేవారు కాదు.

తన వినికిడి తగ్గిన సంగతి రామలుకు ఇంట్లో మొదటిసారి తెలిసింది. అప్పటికీ అతను దాన్ని తన లోపంగా తీసుకోలేదు. "ఈ పుంజు ముసలిదైపోయింది, కూతే మానేసింది. కూరొండెయ్" అన్నాడు ఒక ఉదయం భార్య బాలమ్మతో. బాలమ్మ అతని మొహంలోకి ఒకసారి చూసింది. పుంజు ఆ తెల్లవారుజామునే పెరడంతా దద్దరిల్లేలా కూసింది. ఆమె పుంజుకు గింజలు వేసింది. కూర మాత్రం వండలేదు.

ఆ ఏడాదే మరో సంగతి జరిగింది. శనివారం సాయంత్రాలు గుడి పక్క హాలులో రామభజనం చేసేవారు. మధ్యలో దీపస్తంభం పెట్టి, దాని చుట్టూ అడుగులు వేస్తూ మగవాళ్లు పాడేవారు. ముత్తాతలు చెరుకు కూలీలుగా ఈ దీవిలో ఓడ దిగినప్పుడు తెచ్చుకున్న పాటలవి. ఇళ్లలో మాట్లాడుకునేది ఫ్రెంచిలోంచి పుట్టిన దీవి భాష క్రియోలే అయినా పాట దగ్గరికొచ్చేసరికి తెలుగే. రామలు తాళాలు పట్టేవాడు, అతని దెబ్బ మీదే మిగిలినవాళ్ల అడుగు పడేది. ఒక శనివారం కళ్లు మూసుకుని తాళం వేస్తున్నవాడు కళ్లు తెరిచి చూస్తే అందరూ ఆగిపోయి అతన్నే చూస్తున్నారు. పాట ఎప్పుడో అయిపోయింది. ఎవరో నవ్వారు, అతనూ నవ్వాడు. మరుసటి వారం భుజం నొప్పి అన్నాడు. ఆ తర్వాత వెళ్లడం మానేశాడు. పెద్ద ఫిట్టరు అయ్యాక రామలుకు తల తిరిగిందని ఊళ్లో అనుకున్నారు. ఆ మాటా అతని చెవిన పడలేదు.

పందొమ్మిదివందల అరవై ఫిబ్రవరి ఆఖర్న వచ్చిన తుపాను దీవిని ఊడ్చిపెట్టింది. ఇళ్లు పోయాయి, చెరుకు నేలకు పరుచుకుపోయింది. ఆ ఏడు మిల్లుకు సగం పని కూడా లేదు. ఎగిరొచ్చి పెరట్లో పడ్డ ఇనుపరేకులు ఎవరివో అడిగి తెలుసుకునే వీలు లేకపోయింది. రామలు సరుగుడు గుంజలు పాతి, ఆ రేకులే కప్పి, ఇంటి పక్కన ఒక చిన్న షెడ్డు వేసుకున్నాడు. కూతురు తులసి పెళ్లయి దీవికి దక్షిణాన షెమాన్ గ్రెనియేలో కాపురముంటోంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఆ షెడ్డును బాలమ్మ నవ్వుతూ గరాజ్ అనేది.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం వీరాస్వామి పంతులు వచ్చాడు. ఊళ్లో పెళ్లిళ్లూ పూజలూ ఆయనే చేయించేవాడు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో సాయంత్రాలు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పేవాడు. ఆ ఊళ్లన్నీ ఆయన తిరిగింది ఒక పాత ఇంగ్లీషు మోటారుసైకిలు మీద. యుద్ధకాలంలో ప్లేన్ మాన్యెన్ పక్కనున్న విమాన స్థావరంలో సిపాయిలు నడిపిన బండి అది. తుపానులో దాని మీద కొట్టం కూలింది. తర్వాత వాగు పొంగి, బండి మూడు రోజులు బురదలో మునిగి ఉంది.

క్రియోల్‌లో మాట్లాడేవాళ్ల పెదవులు చూసి రామలు చాలావరకు అర్థం చేసుకోగలిగేవాడు. వీరాస్వామి పంతులుతో ఆ పప్పు ఉడకదు. ఆయన పట్టుపట్టి పుస్తకాల తెలుగే మాట్లాడేవాడు. పైగా పెదవుల మీదికి మీసాలు. ఆయన పావుగంట మాట్లాడితే రామలు అన్నిటికీ తల ఊపాడు. దేనికి ఊపాడో మర్నాడు ఎడ్లబండి మీద మోటారుసైకిలు ఇంటికొచ్చాక గాని తెలియలేదు.

"పోర్ట్ లూయి పట్నంలో మెకానిక్కులే చెయ్యలేమన్నారంట కదా, నువ్వెందుకు ఒప్పుకున్నావు?" అని బాలమ్మ అడిగింది.

"ఒప్పుకున్నాను, ఏటి చేస్తాం" అన్నాడు రామలు.

నిజానికి బండిని చూసేసరికి అతనికి ఇష్టం పుట్టింది. మిల్లు యంత్రాలు ఇంటంత ఉంటాయి. దీని ఇంజను ఒళ్లో పెట్టుకునేంత. పైగా ఒక్కడే కూర్చుని చేసుకునే పని, ఎవరి మాటా వినక్కర్లేదు.

ఇంజను విప్పడానికి రెండు వారాలు పట్టింది. ప్రతి ముక్కనూ పాత సత్తు బేసిన్‌లో కిరసనాయిలు పోసి కడిగి, విప్పిన వరసలోనే గోనెసంచుల మీద పేర్చాడు. బురద లోపలి దాకా పోయి గట్టిపడింది. పిస్టను సిలిండరుకు అతుక్కుపోయి తుప్పు పట్టింది. సుత్తితో కొడితే రెండూ పోతాయి. అందుకని పైన డీజిల్ పోసి వదిలేశాడు. రోజూ మిల్లు నుంచి వచ్చి చేత్తో నొక్కి చూసేవాడు. అది కదిలేది కాదు. మళ్లీ కాస్త డీజిల్ పోసి అన్నానికి కూర్చునేవాడు. ఇరవై రెండో రోజున సిలిండరును బొగ్గుల పొయ్యి సెగకు చూపించి, చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టాడు. గోరు మందం కదిలింది. ఆ కదలిక అరచేతికి తెలియగానే అతను సుత్తి కింద పెట్టి, బయటికొచ్చి కాసేపు ఊరికే నిలబడ్డాడు. చాలాకాలంగా అంత సంతోషం కలగలేదతనికి.

సిలిండరును పోర్ట్ లూయి పంపి లోపల సాపు చేయించారు. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోకు కొత్త తీగ చుట్టించారు. కొత్త పిస్టను ఇంగ్లండు నుంచి ఓడలో రావడానికి నాలుగు నెలలు పట్టింది. పిస్టను పిన్ను తిరిగే చిన్న ఇత్తడి బుష్ మాత్రం దొరకలేదు. దాన్ని మిల్లులో ఇనుము చెక్కే లేతు నడిపే రోజర్ చేసిపెట్టాడు. రోజర్ క్రియోల్ మనిషి, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల సంతతివాడు. రామలూ అతనూ ఒకే ఏడు మిల్లులో చేరారు. అరిగిపోయిన పాత బేరింగు ముక్కలోంచి రోజర్ బుష్ తీశాడు. లోపలి రంధ్రాన్ని సరిగ్గా పిన్ను పట్టేంతకు చెక్కుకోవడం రామలు పని. ఇంట్లోనే ఓపిగ్గా చెక్కుకున్నాడు.

అక్టోబరులో ఒక ఆదివారం ఉదయం బండిని గరాజ్ ముందు నిలబెట్టి కిక్కు కొట్టాడు. ఏడోసారికి అంటుకుంది. నీలంగా పొగ వచ్చింది, నేల అదురు అరికాళ్లకు తెలిసింది. హ్యాండిలు మీద చేతులు ఆనించి రామలు నవ్వుకున్నాడు. అతని చేతులకు అంతా సవ్యంగానే ఉంది.

వంటింట్లోంచి బాలమ్మ పిండి చేతులతో వచ్చింది. ఆమె మొహం ముడుచుకుని ఉంది. ఏదో అంది.

"ఏటి?"

"లోపల ఏదో కొట్టుకుంటంది!"

"ఇంజనన్నాక కొట్టుకోదా?"

ఆమె పిండి చేత్తోనే రేకు తలుపు మీద కొట్టి చూపించింది. రెండు దెబ్బలు, కాస్త ఆగి మళ్లీ రెండు. రామలుకు ఒళ్లు మండింది. మోటారు ఆపేశాడు.

"ముప్పై ఏళ్ల నుంచి ఇదే నా పని. నీకేటి తెలుసు ఇంజను గురించి?"

"ఇంజను గురించి నాకేం తెలీదయ్యా. చప్పుడు గురించి తెలుసు" అంది బాలమ్మ, లోపలికి వెళ్లిపోయింది.

నాలుగు రోజులు వాళ్ల మధ్య మాటల్లేవు. రామలు మిల్లుకు వెళ్లేవాడు, వచ్చేవాడు. గరాజ్ వైపు చూసేవాడు కాదు. మంచం మీద పడుకుని ఇంటి కప్పు చూస్తూ ఆలోచించేవాడు. మిల్లులో తన కింద పనిచేసేవాళ్లు యంత్రం దగ్గర తల వంచి వింటారు. తను చెయ్యి ఆనిస్తాడు. ఎప్పటినుంచి అలా చేస్తున్నాడో గుర్తు రాలేదు. వేడి, అదురు చేతికి తెలుస్తాయి. అంతకన్నా చిన్నవి ఉన్నాయా, అవి తనను దాటి పోతున్నాయా? పుంజు సంగతీ తాళాల సంగతీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి.

అయిదో రోజు మిల్లు నుంచి రాగానే బండి స్టార్టు చేశాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. మెకానిక్కులందరూ చేసే పనే. అతనికి దూరంగా గాలి వీస్తున్నట్టు ఏదో హోరు, అంతకుమించి ఏమీ లేదు. పిడిని చెవి దగ్గర్నుంచి తీసి పళ్ల మధ్య కరిచిపట్టాడు. ఇంజను దెబ్బ పుర్రె అంతటా నిండింది. ఆ పెద్ద దెబ్బ వెనకాల ఇంకేదో చిన్నది ఉన్నట్టే ఉంది, లేనట్టూ ఉంది. తన అనుమానమేనేమో తెలియలేదు.

నోట్లోంచి స్క్రూడ్రైవరు తీసి, "బాలా!" అని పిలిచాడు. ఆమె వచ్చింది.

"నువ్వు చెప్పిన చప్పుడు వినపడినప్పుడల్లా నా భుజం మీద తట్టు."

మళ్లీ పిడిని కరిచిపట్టుకున్నాడు. బాలమ్మ అతని భుజం మీద వేళ్లతో తట్టింది. రెండు, ఆగి రెండు. అతని పళ్లలో ఆ చిన్న దెబ్బ కూడా రెండు, ఆగి రెండు. రెండూ కలిసే పడుతున్నాయి. అతను కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. బాలమ్మ ఆపకుండా తడుతూనే ఉంది. చివరికి ఇంజను ఆపి, సరుగుడు గుంజకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"నాకు వినపడటం లేదే" అన్నాడు.

బాలమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది, తన పెదవులు అతనికి కనపడేలా. "పుంజునాటి నుంచీ తెలుసు నాకు."

"మరెందుకు చెప్పలేదు?"

"నువ్వే చెప్తావనుకున్నాను."

రామలు స్క్రూడ్రైవరును గోనెగుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత అతను ఫిట్టరులా అడిగాడు. "ఆ చప్పుడు ఎలా ఉంది? రోట్లో రోకలి పోటులా బరువుగా ఉందా?"

"లేదు. అంత బరువు లేదు."

"మూకుట్లో ఆవాలు చిట్లినట్టా?"

"అది వేరే ఉంది, పైన. అది సన్నగా ఎప్పుడూ ఉంటంది, బాగానే ఉంది వినడానికి. ఇది వేరు. చేతి గాజులు రెండు ఒకదానికొకటి తగిలినట్టు. జంటగా."

పైన ఆవాల చప్పుడు వాల్వులది. అది ఉండాల్సిందే. రోకలి పోటైతే కింద పెద్ద బేరింగు పోయినట్టు. గాజుల జంటంటే పిస్టను పిన్నే. రామలు ఆ సాయంత్రమే సిలిండరు ఊడదీశాడు. పిన్నును రెండు వేళ్లతో పట్టుకుని కదిపాడు. బుష్‌లో వెంట్రుకంత వదులుంది. రోజర్ చేసింది సరిగ్గానే ఉంది. లోపల చెక్కడంలో తనే ఒక చుట్టు ఎక్కువ తిప్పాడు. కొలతకు వచ్చేసరికి పనిముట్టు కీచుమంటుందని నేర్పినవాడు చెప్పేవాడు. ఆ కీచు తనకు వినపడలేదు.

మర్నాడు మిల్లులో లేతు దగ్గరికి వెళ్లాడు. చుట్టూ యంత్రాలు ఘోషిస్తున్నాయి. "ఇంకో బుష్ కావాలి, ఫ్రేర్" అన్నాడు రోజర్‌తో, సోదరుణ్ని పిలిచినట్టు. "ఈసారి లోపల కూడా నువ్వే చెక్కు. నాకు చెవులు పోయాయి."

రోజర్ చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. "ఏంటీ? గట్టిగా చెప్పు!"

"చెవులు పోయాయి! వినపడదు!"

"నీకూనా?" అన్నాడు రోజర్.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, లేతు ఆపేసి, కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వారు. పక్కవాళ్లకు ఎందుకో అర్థం కాలేదు.

రోజర్ కొలత చూసి లేతు మీదే చెక్కిన రెండో బుష్ వేశాక బాలమ్మ ఇంజను పక్కన నిలబడి చాలాసేపు విన్నది. "ఆవాలే" అంది. డిసెంబరులో వీరాస్వామి పంతులు బండి తీసుకెళ్లాడు. ఆయన ఈసారీ పావుగంట మాట్లాడాడు. "ఏటన్నారు?" అని రామలు భార్యను అడిగాడు. "నీ చేతికి వెయ్యేళ్లు అన్నారు. నా చెవికి కూడా అంటారేమో అని చూశాను, అన్లేదు" అంది బాలమ్మ.

తన సంగతి మిల్లులో పైవాళ్లకు చెప్పాలని అప్పటికే అతనికి అనిపించింది, కాని చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న గది అది. మరుసటి ఏడు తుపాను లేదు, చెరుకు బాగా పండింది. జులైలో ఒక మధ్యాహ్నం యంత్రాల గదిలో నీటి పంపు బేరింగు ఎండిపోయి కీచుమని అరవసాగింది. మిల్లు ఆవరణలో బండ్లు తోలేవాళ్లకు కూడా వినపడింది. దానికి నాలుగడుగుల దూరంలో రామలు దానికేసి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఒక కూలీ పరిగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టి లాగాడు. పంపు ఆపేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. కాని దాన్ని తిప్పే తోలు పట్టీ తెగి ఎవరి మీదైనా పడి ఉంటే ఏమయ్యేదో ఆ గదిలో అందరికీ తెలుసు.

రామలు చేతులు తుడుచుకుని ఇంజనీరు ఆఫీసుకు వెళ్లాడు. ఇంజనీరు పియర్ ఫ్రెంచి దొరల కుటుంబంవాడు. ఎక్కువ మాట్లాడడు.

"మిస్యే పియర్, నాకు వినపడదు. నాలుగేళ్లయింది" అని క్రియోల్‌లో చెప్పాడు.

పియర్ కలం పక్కన పెట్టాడు. "నాలుగేళ్లు యంత్రాలు ఎలా చూశావు?"

రామలు అరచేతులు చూపించాడు.

పియర్ వాటివైపు కాసేపు చూశాడు. తర్వాత, రామలుకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి పలికాడు. "రేపటినుంచి బెంచి దగ్గర, రోజర్ పక్కన."

అంతే. తిట్టలేదు, ఓదార్చలేదు. మర్నాటి నుంచి రామలు బెంచి దగ్గర కూర్చుని చిన్న పంపులూ కవాటాలూ బాగుచేసేవాడు. మొదటి నెల అంతా యంత్రాల గది తలుపు ముందునుంచి పోవాల్సివస్తే చుట్టు తిరిగి పోయేవాడు. తర్వాత అలవాటైంది. భజనకు మళ్లీ వెళ్లసాగాడు, కాని తాళాలు పట్టలేదు. వెనక వరసలో కూర్చుని, అడుగులు వేసేవాళ్ల కాళ్లు చూసేవాడు. పట్టమని ఒకసారి ఎవరో అడిగితే వద్దని చెయ్యి ఊపాడు. కారణం కూడా చెప్పాడు. ఊళ్లో ఆ కారణం తెలియనివాళ్లు అప్పటికి ఎవరూ లేరు.

పంతులు బండి నాలుగు ఊళ్లూ తిరుగుతుంటే చూసినవాళ్లు అడిగి తెలుసుకుని రావడం మొదలుపెట్టారు. మొదట ఒక బడి మేష్టారు వచ్చాడు, తర్వాత ఒక కానిస్టేబులు, ఆ తర్వాత ఆస్పత్రిలో పనిచేసే ఒక కాంపౌండరు. ఆదివారం ఉదయాలు గరాజ్ ముందు ఒకటో రెండో బండ్లు ఉండేవి. బండి నడిపి చూపించమని ముందు బాలమ్మ అడిగేది. తల కాస్త పక్కకు వంచి వినేది. ఆ తర్వాత రామలుకు చెప్పేది. తడి కట్టె పొయ్యిలో చిటపటమన్నట్టు, కొబ్బరి కోరు గీరినట్టు, మసాలా రాయి మీద గుండ్రాయి అంచు తగిలినట్టు. రామలు అది దేని చప్పుడో ఆలోచించి స్పానరు తీసుకునేవాడు. కొన్నిసార్లు పొరపాటు పడేవారు కూడా. కానిస్టేబులు బండికి మూడుసార్లు క్లచ్చి విప్పాక తప్పు గొలుసులో ఉందని తేలింది. ఆ పూట ఇద్దరూ గట్టిగానే పోట్లాడుకున్నారు. ఆమె సరిగ్గా వినలేదని అతనూ, చెప్పింది అతను సరిగ్గా చూసుకోలేదని ఆమే.

అరవై ఎనిమిది జనవరిలో పియర్ వచ్చాడు, తన కారులో. మిల్లు వదిలేసి కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్లిపోతున్నాడు. దీవికి స్వాతంత్ర్యం రాబోతోందని ఆ రోజుల్లో అలా చాలామంది వెళ్లిపోతున్నారు. కారు అమ్మేయాలి, దానిలో ఏదో చప్పుడు ఉంది, కొనేవాడికి ఏం చెప్పాలో తెలియడం లేదన్నాడు. బాలమ్మ వీధి చివరిదాకా కారు వెంట నడిచి వచ్చింది.

"ఇంజనులో ఏం లేదు. వెనక కుడి చక్రం" అంది.

రామలు చక్రం విప్పాడు. బేరింగులో ఒక గుండు పగిలి ఉంది. పియర్ ఆ పగిలిన గుండును వేళ్ల మధ్య తిప్పి చూసి, "మదాం, మా మిల్లులో మీరు ఉండాల్సింది" అన్నాడు.

"నన్నెవరు పిలిచారు?" అంది బాలమ్మ.

పియర్ నవ్వలేదు. రామలుకు చెయ్యి అందించాడు. ముప్పై ఎనిమిదేళ్ల కొలువులో ఒక ఇంజనీరు అతనికి చెయ్యి అందించడం అదే మొదలు. రామలు నూనె చెయ్యి చొక్కాకు తుడుచుకుని అందుకున్నాడు.

మార్చి పన్నెండున స్వాతంత్ర్యం వచ్చింది. ఊరివాళ్లు చాలామంది తెల్లారకముందే లారీలెక్కి పోర్ట్ లూయి వెళ్లారు. వీరాస్వామి పంతులు భార్యను వెనక కూర్చోబెట్టుకుని మోటారుసైకిలు మీదే వెళ్లాడు. వెళ్లే ముందు గరాజ్ దగ్గర ఆపి, బాలమ్మ చేత ఒకసారి వినిపించుకున్నాడు. రామలు మాత్రం గుంపుల్లోకి రానన్నాడు. మధ్యాహ్నం వేళకు ఇద్దరూ చీనావాడి కొట్టు దాకా నడిచారు. కొట్టు అరుగు మీద రేడియో పెట్టి ఉంది, ముప్పై నలభై మంది ఉన్నారు. రామలు వాళ్ల మొహాలు చూస్తూ నిలబడ్డాడు. ఒక క్షణాన అందరూ ఒక్కసారి నిటారుగా నిలబడ్డారు, అతనూ నిలబడ్డాడు. కొందరు ఏడుస్తున్నారు. కొందరు నేల చూస్తున్నారు. రోజర్ గోడకు ఆనుకుని, చెవి వెనక చెయ్యి పెట్టుకుని, కళ్లు చిట్లించి ఉన్నాడు. అతను స్వాతంత్ర్యం వైపు ఓటు వెయ్యలేదని రామలుకు తెలుసు. వెళ్లి అతని పక్కన నిలబడ్డాడు.

ఇంటికి వస్తూ భార్యను అడిగాడు. "ఏటయింది?"

"ఆ జెండా దించి ఈ జెండా ఎత్తారు. కొత్త పాట వాయించారు."

"పాట ఎలా ఉంది? బాగుందా?"

"ఒక్కసారి వింటే ఏం తెలుస్తుంది" అంది బాలమ్మ.

గరాజ్ ముందు ఎవరో కుర్ర మేష్టారు తన మోపెడు పక్కన నిలబడి ఎదురు చూస్తున్నాడు. పండగపూట ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించమన్నాడు. నడిపి చూపించమంది బాలమ్మ.